కీలులోకి వేసే సూది: పాఠకుల ప్రశ్నలకు డాక్టరమ్మ జవాబులు

కిందటి సంచికలో కీళ్లవాతం గురించి రాశాక వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే మాట అడిగాయి: రోజూ మాత్రలు మింగే బదులు నొప్పి ఉన్న కీలుకే మందు వేసుకుంటే సరిపోదా అని. ఆదోని నుంచి ఒక కోడలు అడిగింది, అనంతపురం నుంచి ఒక ఫార్మసీ కుర్రాడు అడిగాడు, ఇద్దరి భాషా వేరు గానీ ప్రశ్న ఒకటే. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల గురించి రాసినవాళ్లు ఏమీ అనుకోవద్దు. ఈసారి జవాబులన్నీ రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ గురించే, అంటే మన రోగనిరోధక వ్యవస్థే శత్రువనుకుని మన కీళ్ల మీద పడే జబ్బు గురించే. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అత్తకు 52 ఏళ్లు. రెండేళ్ల కిందట కీళ్లవాతం అని తేలింది. వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే కీళ్లవాతం మాత్ర, రోజూ ఇంకో మాత్ర వాడుతోంది. చేతులు బాగయ్యాయి, ఇప్పుడు సంగటి తనే కెలుకుతోంది. కానీ రెండు నెలలుగా కుడి మోకాలు ఒక్కటే ఉబ్బిపోయి, ముడవడానికి రావడం లేదు. కర్నూల్లో చూపిస్తే నీరు తీసి మోకాట్లోకే స్టెరాయిడ్ సూది వేస్తామన్నారు. మా వీధిలో వాళ్లేమో ఎముక కరిగిపోతుందని, ఒకసారి వేస్తే ఇక అలవాటైపోతుందని భయపెడుతున్నారు. అందుకని ఊళ్లోనే ఆర్‌ఎంపీ దగ్గర పిర్రకు సూది వేయిస్తున్నాం. వేసిన సాయంత్రానికే లేచి తిరుగుతుంది, పది పదిహేను రోజులకు మళ్లీ మామూలే. ఏం చేయమంటారు?
కోడలు, ఆదోని

జవాబు: అమ్మా, మీరు భయపడాల్సింది ఒక సూదికి, భయపడుతున్నది ఇంకో సూదికి.

ఆ పిర్ర సూది సీసా మీద పేరు ఎప్పుడైనా చదివారా? ఈసారి అడిగి తీసుకుని చదవండి. సాయంత్రానికల్లా మనిషిని లేపి తిప్పే సూదిలో దాదాపు ఎప్పుడూ ఉండేది స్టెరాయిడే. డెక్సామెథసోనో, ట్రయామ్సినోలోనో ఉంటుంది, దానికి తోడు డైక్లోఫినాక్ అనే నొప్పి మందు. అంటే మోకాట్లో ఒక్కసారి స్టెరాయిడ్ వేయించడానికి జంకి, రెండు వారాలకోసారి ఒళ్లంతా స్టెరాయిడ్ ఎక్కిస్తున్నారన్నమాట. అలా నెలల తరబడి పోతే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, చర్మం పలచబడి గాజు తగిలినా కమిలిపోతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి, కళ్లలో శుక్లాలు వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి. వీధిలో వాళ్లు చెప్పిన ‘ఎముక కరగడం’ నిజంగా జరిగేది ఈ దారిలోనే.

పైగా దాన్ని ఒక్కసారిగా మానేయడానికి కూడా లేదు. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తున్నంత కాలం మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు తమ సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించేస్తాయి. ఉన్నట్టుండి సూది ఆపితే నీరసం, వాంతులు, కళ్లు తిరగడం, ఒక్కోసారి ప్రాణం మీదికి కూడా వస్తుంది. కాబట్టి ఎన్నాళ్ల నుంచి, ఎన్ని రోజులకోసారి వేయిస్తున్నారో మీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. నా ఓపీలో పెద్దవాళ్లను అడిగితే ‘అట్లాంటివేం లేవు తల్లీ’ అంటారు, పక్కనున్న మనవడు నిజం చెప్పేస్తాడు.

ఇక మోకాట్లోకి వేసే సూది సంగతి. మనిషి ఒంట్లో రక్తం సుమారు అయిదు లీటర్లు. ఆరోగ్యంగా ఉన్న మోకాట్లో ఉండే జిగురునీరు అయిదు మిల్లీలీటర్లు కూడా ఉండదు. పిర్రకు వేసిన మందు అయిదు లీటర్లలో కలిసి, ఒళ్లంతా తిరిగి, మోకాలికి చేరేది ఆవగింజంత. అదే మందు నేరుగా కీలులో వేస్తే కీలు లోపలి జబ్బున్న పొర చుట్టూ చిక్కగా నిలుస్తుంది, మిగతా ఒంటికి తక్కువ పోతుంది. మోకాలికి మామూలుగా వాడే ట్రయామ్సినోలోన్ 40 మిల్లీగ్రాములు, అంటే ఒక్క మిల్లీలీటరు మందు. వేలి కీలుకైతే అయిదు, పది మిల్లీగ్రాములు చాలు. అదేమంత ఖరీదైన మందు కూడా కాదు.

ఎలా వేస్తారో తెలిస్తే మీ అత్తకు సగం టెన్షన్ తగ్గుతుంది. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలి కింద మడత పెట్టిన టవలు పెడతాం. మోకాలి చిప్పను వేలితో పక్కకు నెట్టి చూస్తే కింద సందు దొరుకుతుంది, అక్కడ పెన్ను మూతతో చిన్న గుర్తు నొక్కుతాం. మందుతో శుభ్రంగా తుడిచి, అది ఆరేదాకా ఆగాలి. ఈ ఆగడం దగ్గర తొందరపడే డాక్టరును నేను ఒప్పుకోను, ఇన్‌ఫెక్షన్ రాకుండా కాపాడేది ఆ నిమిషమే. సూది సందులోకి దిగగానే పసుపుపచ్చ నీరు సిరంజిలోకి వస్తుంది. ఉబ్బిన మోకాట్లో 30, 40 మిల్లీలీటర్లు ఉండటం మామూలే. అది తీసేయగానే సగం బిగువు అక్కడికక్కడే తగ్గుతుంది.

ఆ సిరంజిని కేస్ షీట్ మీది అచ్చు అక్షరాలకు అడ్డం పెట్టి చూడటం పాత పద్ధతి, నేనింకా చేస్తాను. మంచి కీలు నీరైతే దాని గుండా అక్షరాలు చదవొచ్చు. కీళ్లవాతం నీరు మసకగా ఉండి అక్షరాలు అలుక్కుపోతాయి. చీములా పూర్తిగా తెల్లబడి ఉంటే మాత్రం సూది అక్కడితో ఆపేస్తాను, స్టెరాయిడ్ వేయను. మీ అత్త విషయంలో ఇది ముఖ్యం. మిగతా కీళ్లన్నీ నెమ్మదించి ఒక్క మోకాలే రెండు నెలలుగా ఉబ్బి ఉందంటున్నారు. అలాంటప్పుడు అది కీళ్లవాతమే అని తీర్మానించేయకుండా ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి, మన దగ్గర టీబీని కూడా మరిచిపోకూడదు. కాబట్టి తీసిన నీరు బకెట్లో పారబోయకుండా ల్యాబుకు పంపమనండి. అందులో తెల్లకణాలు ఎన్ని ఉన్నాయి, క్రిములు పెరుగుతున్నాయా అన్నది చూస్తారు. తెల్లకణాలు ఘన మిల్లీమీటరుకు 50 వేలు దాటితే ఇన్‌ఫెక్షన్ లేదని తేలేదాకా స్టెరాయిడ్ జోలికి పోకూడదు.

సీసాలో ఆ స్టెరాయిడ్ మందు తెల్లగా, కింద పేరుకుని ఉంటుంది. బాగా ఊపి తీయాలి. నీళ్లలో సులువుగా కరగని స్ఫటికాలుగా కావాలనే తయారుచేస్తారు దాన్ని. ఇది మొదట్లోనే తెలిసిన సంగతి కాదు. 1948లో అమెరికాలో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు కీళ్లవాతంతో మంచాన పడ్డ ఒకామెకు కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకూ, ఆయనతోపాటు ఇంకో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కానీ ఒళ్లంతా కార్టిసోన్ ఎక్కిస్తే ఏమవుతుందో కూడా అదే రోగుల్లో త్వరలోనే బయటపడింది. దాంతో 1951లో ఫిలడెల్ఫియాలో జోసెఫ్ హాలండర్ మందును కీలులోకే వేసి చూశాడు. కార్టిసోన్ అక్కడ పెద్దగా పనిచేయలేదు, ఎందుకంటే దాన్ని కాలేయం మార్చితే గానీ అది అసలు మందు కాదు. ముందే మారి ఉన్న హైడ్రోకార్టిసోన్ పనిచేసింది, కానీ ఎక్కువ రోజులు నిలవలేదు. అక్కడి నుంచి కథంతా దాన్ని నిలబెట్టడం గురించే. నోట్లో కలకండ ముక్క పంచదార కంటే నిదానంగా కరిగినట్టు, తక్కువ కరిగే స్టెరాయిడ్ కీలులో ఎక్కువ రోజులుంటుంది. అందుకే ఒక్క సూది వారాలు, కొందరికి నెలలు పనిచేస్తుంది.

వీధిలో వాళ్ల మాటలో అసలు నిజం లేదనను. 2017లో అచ్చయిన ఒక పెద్ద పరిశీలనలో, మోకాలి అరుగుదల ఉన్నవాళ్లకు రెండేళ్ల పాటు మూడు నెలలకోసారి ఇదే 40 మిల్లీగ్రాముల సూది వేశారు. ఉప్పునీటి సూది వేసినవాళ్ల కంటే వీళ్లకు కీలులోని మృదులాస్థి, అంటే ఎముకల చివర ఉండే మెత్తటి పూత, కాస్త ఎక్కువ పలచబడింది, నొప్పిలో మాత్రం తేడా లేదు. కాబట్టి పదేపదే వేయించుకోవడం మంచిది కాదు. ఒకే కీలుకు కనీసం మూడు నెలల ఎడం, ఏడాదికి మూడు నాలుగుకు మించకూడదు. అయితే అరుగుదల వేరు, కీళ్లవాతం వేరు. మీ అత్త మోకాట్లో వాపును అలాగే వదిలేస్తే ఆ వాచిన పొరే మృదులాస్థినీ ఎముకనూ తినేస్తుంది. ఒకసారి సూది వేయడం కంటే ఏడాది పాటు ఉబ్బి ఉండనివ్వడమే ఎక్కువ నష్టం. అలవాటు పడటం అన్నది మాత్రం ఉత్త మాట. మళ్లీ మళ్లీ సూది అవసరమవుతోందంటే వాడుతున్న మాత్రలు చాలడం లేదని అర్థం, మార్చాల్సింది ఆ మాత్రల్ని.

మాత్రలంటే గుర్తొచ్చింది. సూదితో మోకాలు తగ్గిందని మెథోట్రెక్సేట్ మానేస్తారు కొందరు. మోకాలు బాగుంటుంది, ఆరు నెలలకు మణికట్లు పోతాయి. ఇంకొందరు తొందరగా తగ్గాలని వారం మాత్రను రోజూ మింగుతారు. ఇది ప్రాణాలు తీసే పొరపాటు: నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ఐసీయూలో చేరినవాళ్లను చూశాను. నేను మాత్రల అట్ట మీద ఎర్ర పెన్నుతో ‘బుధవారం మాత్రమే’ అని తెలుగులో రాసి ఇస్తాను. మీ ఇంట్లో వారంలో ఏ రోజు వేసుకుంటారో మీరూ రాసి పెట్టండి. ఫోలిక్ యాసిడ్ ఆ రోజు కాక వేరే రోజు.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు, పదేళ్లుగా షుగరుంది, కీళ్లవాతం నాలుగేళ్లుగా. కిందటి నెల మోకాట్లో సూది వేశారు. వాపు బాగా తగ్గింది. కానీ మర్నాడు షుగర్ చూసుకుంటే 310. సూది కీలులోనే ఉంటుందని చెప్పారే, మరి ఇదెట్లా?
ప్రొద్దుటూరు

జవాబు: కీలు మూత బిగించిన సీసా కాదు సార్. లోపలి పొర నిండా సన్నటి రక్తనాళాలు, వాచినప్పుడు ఇంకా ఎక్కువ. కరిగిన మందు కొంచెం కొంచెంగా వాటిలోకి జారుతూనే ఉంటుంది. కొందరికి మర్నాడు ముఖం ఎర్రబడి వేడిగా అనిపించేది కూడా అందుకే. ‘అక్కడే ఉంటుంది’ అన్నదాన్ని ‘ఎక్కువగా అక్కడ ఉంటుంది’ అని వినాలి.

షుగర్ సూది వేసిన రోజు నుంచే పెరగొచ్చు, మూడు నాలుగు రోజులు ఎక్కువగా ఉండి వారంలోపు దిగొస్తుంది. ఈసారి వేయించుకునే ముందు మీ షుగరు డాక్టరుతో మాట్లాడి, ఆ వారం రోజులు ఇంట్లో గ్లూకోమీటరుతో పూటపూటా చూసుకోండి. ఇన్సులిన్ వాడుతుంటే ఎన్ని యూనిట్లు పెంచాలో ముందే అడిగి రాసుకోండి, మీరే లెక్కేసుకోవద్దు. ఒకే రోజు రెండు మోకాళ్లకూ వేయించుకోవద్దు. షుగర్ అదుపులో లేనప్పుడు వాయిదా వేయడమే మేలు, అప్పుడు ఇన్‌ఫెక్షన్ భయం కూడా ఎక్కువ. అంతే తప్ప, షుగరుందని ఈ సూదికి పూర్తిగా దూరం కావాల్సిన పని లేదు. పిర్ర సూదితోనో, రోజూ మింగే స్టెరాయిడ్ మాత్రతోనో పోలిస్తే మీకు ఇదే నయం.

ప్రశ్న: మేడమ్, నేను బీఫార్మసీ మూడో సంవత్సరం. ప్రాజెక్టు కోసం నానో కణాలతో కీళ్లవాతానికి మందు పంపడం గురించి చదువుతున్నాను. చదివినవన్నీ అద్భుతంగా ఉన్నాయి. మరి ఇవేవీ మన ఆసుపత్రుల్లో ఎందుకు కనపడవు? మా నాయనమ్మ ఇంకా అదే మెథోట్రెక్సేట్ మింగుతోంది.
అనంతపురం

జవాబు: నాయనా, నీ ప్రశ్న చాలామంది డాక్టర్లు కూడా అడగరు. కొంచెం వివరంగా చెప్తాను, మిగతా పాఠకులు ఓపిక పట్టండి.

అసలు చిక్కు ఎక్కడుందో ముందు చూడు. చిన్న అణువున్న మందును కరిగించి కీలులోకి వేస్తే కొన్ని గంటల్లోనే బయటికి పోతుంది. కీలు లోపలి పొరకు చర్మానికున్నట్టు గట్టి గోడ లేదు. చిన్న అణువులు రక్తనాళాల్లోకి, పెద్దవి శోషరస నాళాల్లోకి జారుకుంటాయి. వాపున్న కీలులో ఈ రాకపోకలు ఇంకా ఎక్కువ. మెథోట్రెక్సేట్‌నే నేరుగా కీలులోకి వేసి చూశారు, నిలవదు కాబట్టి చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. వాపు కలిగించే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే ఖరీదైన మందుల్ని కూడా కీలులోకి వేసి చూశారు, అవీ మామూలు స్టెరాయిడ్ సూదిని మించి నిలబడలేదు.

కాబట్టి దారులు రెండు. ఒకటి, కీలులో వేసి అక్కడే ఆపడం. పీఎల్‌జీఏ అనే పాలిమర్‌తో చేసిన సూక్ష్మ గోళాల్లో ట్రయామ్సినోలోన్ నింపి, అవి నిదానంగా కరిగేలా చేశారు. ఆపరేషన్లో వాడే కరిగిపోయే కుట్టు దారాల్లో ఉండేదీ ఈ జాతి పాలిమరే, చివరికి లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలుగా విడిపోతుంది. 2017 అక్టోబరులో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. అయితే ఒక్క ముక్క గట్టిగా చదువు: ఆ అనుమతి మోకాలి అరుగుదల నొప్పికి, కీళ్లవాతానికి కాదు. పేపర్లలో హెడ్డింగ్ రాసేవాళ్లు ఈ రెండూ ఒకటే చేసేస్తారు.

దీనికంటే నాకు నచ్చింది 2018లో బోస్టన్ పరిశోధకులు చేసిన జెల్. ఆహార పదార్థాల్లో కలిపే ట్రైగ్లిసరాల్ మోనోస్టియరేట్ అనే దానితో తయారుచేశారు. కీలులో వాపు లేచినప్పుడు కొన్ని ఎంజైములు పెరుగుతాయి కదా, అవి ఈ జెల్‌ను తెంచితేనే లోపలున్న స్టెరాయిడ్ బయటికొస్తుంది. వాపు తగ్గితే ఎంజైములు తగ్గుతాయి, మందు విడుదలా తగ్గుతుంది. కీళ్లవాతం స్వభావమే అది, పౌర్ణమి అమావాస్య చూడకుండా ఉన్నట్టుండి లేవడం, మళ్లీ అణగడం. జబ్బు నడకను బట్టి మందు నడవడం అనే ఆలోచన బాగుంది. కానీ ఫలితాలు చూపించింది చిట్టెలుకల్లో.

రెండో దారి, సెలైన్‌తో రక్తంలోకి పంపి కీళ్ల దగ్గర దిగేలా చేయడం. వాచిన కీలులో రక్తనాళాల గోడలు సడలి ఉంటాయి, ఓ 100 నానోమీటర్ల కొవ్వు బుడగల్లాంటివి, అంటే మీరు చదివే లైపోసోములు, అక్కడి నుంచి బయటికి జారి మాక్రోఫేజుల, అంటే దొరికినదాన్ని మింగేసే రోగనిరోధక కణాల, కడుపులో పడతాయి. ఆ మాక్రోఫేజులు రెచ్చిపోయినప్పుడు వాటి మీద ఫోలిక్ యాసిడ్‌ను పట్టుకునే ఫోలేట్ గ్రాహకాలు పెరుగుతాయి కాబట్టి, నానో కణం మీద ఫోలిక్ యాసిడ్ అతికించి గురి పెట్టేవాళ్లూ ఉన్నారు. ఒకేసారి పదిహేను కీళ్లు వాచినవాళ్లకు పదిహేను సూదులు పొడవలేం కాబట్టి ఈ దారికి విలువ ఉంది. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ నింపిన లైపోసోములను మనుషుల మీద కూడా ప్రయత్నించారు. రోజువారీ వాడకంలోకి మాత్రం రాలేదు. రక్తంలోకి పోయిన కణాల్లో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం ముందే పట్టేసుకుంటాయి. కీలుకు చేరేది కొంచెమే. ఒక్కో బ్యాచ్ ఒకే సైజులో, ఏ క్రిమీ లేకుండా తయారుచేయడం ఇంకో తలనొప్పి, ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు. ఇటు చూస్తే మెథోట్రెక్సేట్ మాత్ర చవక, దాని మంచీ చెడ్డా మనకు దశాబ్దాలుగా తెలుసు.

మీ ల్యాబులో ఎలుక పాదంలోకి కీళ్ల వాపు తెప్పించే ఫ్రాయిండ్ అడ్జువెంట్ పొడిచి, వాపును ప్లెతిస్మోమీటరు అనే పరికరంతో కొలుస్తారు కదా. అది కొన్ని వారాల జబ్బు. మీ నాయనమ్మది ఏళ్ల జబ్బు. ఎలుకలో వాపు రాకముందు నుంచే మందు మొదలుపెట్టిన పరిశోధనలు కూడా ఉంటాయి, మా దగ్గరికి అలా ముందే ఎవరూ రారు. ప్రాజెక్టుకు పేపర్లు ఏరుకునేటప్పుడు మందు ఏ రోజున మొదలుపెట్టారో చూడు, సగం పేపర్లు పక్కకు పోతాయి.

ఇంకొకటి. గురి అన్నది చోటు మీద పెట్టొచ్చు, అణువు మీదా పెట్టొచ్చు. మనకు ఇప్పటిదాకా బాగా కలిసొచ్చింది రెండోదే. 1998లో అమెరికాలో అనుమతి వచ్చిన ఎటానర్‌సెప్ట్, 2002లో వచ్చిన అడలిముమాబ్ పొట్ట చర్మం కింద పొడుచుకునే సూదులు, ఒళ్లంతా తిరుగుతాయి, కానీ పట్టేది ముఖ్యంగా టీఎన్ఎఫ్‌నే. ఇప్పుడు మన దేశంలో వాటి బయోసిమిలర్లు, అంటే వాటిని పోలిన మందులు, కూడా తయారవుతున్నాయి. వాటికి ముందు టీబీ పరీక్ష తప్పనిసరి, నిద్రపోతున్న టీబీ లేచి కూర్చుంటుంది. ఎందుకు చెప్తున్నానంటే, కీళ్లవాతం పేరుకే కీళ్లది. ఊపిరితిత్తుల్లో మచ్చలు తెస్తుంది, గుండె రక్తనాళాలను పాడుచేస్తుంది, కళ్లను ఎండబెడుతుంది. మోకాలికి ఎంత తెలివైన కణం పంపినా ఊపిరితిత్తులకు ఒరిగేదేం లేదు. మీ నాయనమ్మ ఆ మాత్ర మింగడం వెనకబాటుతనం కాదని ప్రాజెక్టు చివరి పేజీలో రాయి. మార్కులు తగ్గించరులే.

ప్రశ్న: మోకాలికి, వేళ్లకు నొప్పి జెల్ రాస్తున్నాను. మిరపకాయలతో చేసిన క్రీము కూడా వస్తోందంట. ప్రొద్దుటూరు దారిలో ఒకాయన ఇచ్చే పొడి తేనెలో కలుపుకుని తింటే ఒక్క రోజులో నొప్పి పోతుందంట. ఏది వాడేది?
జమ్మలమడుగు

జవాబు: జెల్ వాడుకోండి. డైక్లోఫినాక్ జెల్ రాస్తే రక్తంలో కలిసేది మాత్ర మింగినప్పటితో పోలిస్తే ఓ 6 శాతం. కడుపుమంట, కిడ్నీల భయం అందుకే తక్కువ. కానీ అది నొప్పికి, అదీ చర్మానికి దగ్గరగా ఉన్న వేళ్లకు, మోకాలికి. కీళ్లవాతంలో లోపల వాచిన పొర దాంతో తగ్గదు. మిరపకాయలోని కాప్సైసిన్ క్రీము కూడా నొప్పి నరాల మీద పనిచేసేదే, రాసిన మొదటి రోజుల్లో బాగా మండుతుంది, రాసిన చేత్తో కళ్లు తుడుచుకున్నారంటే ఆ రోజంతా నన్ను తిట్టుకుంటారు.

పొడి మాత్రం వద్దు. పేరు లేదు, అందులో ఏముందో రాసి లేదు, ఒక్క రోజులో నొప్పి పోతుంది. ఏళ్ల నాటి కీళ్లవాతం ఒక్క రోజులో తగ్గించేది ఏ ఆకూ లేదు, స్టెరాయిడ్ నూరి కలిపితే తగ్గుతుంది. ఆయుర్వేదం మీద కోపంతో అనడం లేదు, అర్హత ఉన్న ఆయుర్వేద డాక్టర్లు కూడా ఈ పొడుల్ని చూసి తలపట్టుకుంటారు. ఇప్పటికే తింటుంటే ఆ పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మేడమ్, మాది చేనేత కుటుంబం, నేనూ మగ్గం నేస్తాను. 27 ఏళ్లు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నాను. ఇప్పుడు మాకు పిల్లలు కావాలి. మాత్రలన్నీ మానేసి, వాచిన మణికట్టుకు మాత్రం సూది వేయించుకుంటే సరిపోతుందా?
ఎమ్మిగనూరు

జవాబు: సగం సరైన ఆలోచన. మెథోట్రెక్సేట్ బిడ్డకు హాని చేస్తుంది, గర్భం కోసం ప్రయత్నించే ముందు కనీసం మూడు నెలలు మానేయాలి. మానిన ఆ మూడు నెలలూ కుటుంబ నియంత్రణ పాటించాలి. లెఫ్లునోమైడ్ అనే కీళ్లవాతం మాత్ర కూడా వాడుతుంటే మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అది మానేశాక కూడా చాలా కాలం ఒంట్లో ఉండిపోతుంది, దాన్ని కడిగేయడానికి వేరే మందు వాడాలి. కానీ అన్నీ మానొద్దు. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజిన్ అనే కీళ్లవాతం మాత్రల్ని గర్భంలో కూడా కొనసాగించొచ్చు, జబ్బు అదుపులో ఉండటం బిడ్డకూ మంచిదే. వాటి మీద ఉండగా ఒక మణికట్టు మొండికేస్తే అప్పుడు అక్కడ సూది వేయించుకోవచ్చు, గర్భంతో ఉన్నప్పుడూ వేస్తాం. మణికట్టు లాంటి చిన్న కీళ్లకు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేసే వీలుంటే అక్కడ వేయించుకోండి, మందు పడాల్సిన చోటే పడుతుంది. వేశాక నాలుగు రోజులు మగ్గం ముట్టొద్దు, ఇంట్లో ఎవరేమన్నా సరే.

ప్రశ్న: నాకు వచ్చే వారం మోకాట్లో సూది వేస్తామన్నారు. వేసిన రోజే బస్సెక్కి ఊరికి రావచ్చా? ఎన్నాళ్లకు పనికి పోవచ్చు? శనక్కాయ పీకే కాలం.
పత్తికొండ

జవాబు: అన్నా, బస్సులో రావచ్చు, సీటు దొరికితేనే, నిలబడి కాదు. ఇంటికొచ్చాక రెండు రోజులు మోకాలికి పూర్తి విశ్రాంతి ఇవ్వండి. అలా ఇచ్చినవాళ్లకు సూది గుణం ఎక్కువ రోజులుంటుంది. మొదటి రాత్రి నొప్పి కొంచెం పెరగొచ్చు, మందు స్ఫటికాలు గుచ్చుకోవడం వల్ల. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి, పారాసిటమాల్ వేసుకోండి. గుణం తెలియడానికి రెండు మూడు రోజులు పడుతుంది. రెండు రోజులు దాటాక నొప్పి తగ్గకపోగా పెరుగుతున్నా, మోకాలు ఎర్రబడి కాలుతున్నా, చలిజ్వరం వచ్చినా పొద్దున చూద్దాం అనుకోకుండా ఆ పూటే పెద్దాసుపత్రికి వచ్చేయండి. కీలులో ఇన్‌ఫెక్షన్ వేలల్లో ఒకరికి వస్తుంది, వస్తే మాత్రం కీలే పోవచ్చు. అవేవీ లేకపోతే వారం తర్వాత పొలానికి పోవచ్చు. వంగి పీకే పని ఇంకెవరికైనా అప్పజెప్పి, మీరు గట్టున కూర్చుని కాయలు తుంచండి.